ట్యూషన్‌లో రోజుకి 20 పెద్ద పదాలు నేర్పిస్తున్నారు, పరీక్షలో ప్రశ్నే అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

మానేరు_అమ్మ
మా పాప తొమ్మిదో తరగతి, సర్కారు బడి. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఆరో తరగతిలో ఉంది. ఐదు వరకు తెలుగులోనే చదివింది. ఇంగ్లీషు మెరుగవుతుందని నెలకి 800 కట్టి ట్యూషన్‌కి పంపుతున్నా. అక్కడ రోజుకి 20 పదాలు రాయించి అప్పజెప్పించుకుంటారు. ‘యుబిక్విటస్’, ‘మాగ్నానిమస్’, ‘పెర్నీషియస్’... నేను మిషన్ కుడుతుంటే పక్కన కూర్చుని గడగడా చదువుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. మొన్న బడిలో పెట్టిన ఎఫ్ఏ-2 పరీక్షలో జీవశాస్త్రంలో 20కి 8 వచ్చాయి. పాఠం రాక కాదు, ఆ పాఠం నాకు తెలుగులో మొత్తం చెప్పింది. నేను ఇంటర్ వరకు తెలుగు మీడియం, ఈ పదాలు నాకూ రావు. ట్యూషన్ మాన్పించాలా, ఇంకో చోట చేర్పించాలా? అసలు పెద్ద పదాలు ఎట్లా నేర్పిస్తారు?

బడిగంట
ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పేపర్ తీసి చూడండమ్మా. పాప ఏ ప్రశ్నలు వదిలేసింది, ఏ మాట దగ్గర ఆగిపోయింది? ఒక్క ప్రశ్న ఇక్కడ పెట్టండి చాలు. నేను 14 ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నా.

మానేరు_అమ్మ
చూశాను సార్. నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి పూర్తిగా వదిలేసింది. మామిడికాయ ముక్కలకి ఉప్పు కలిపితే నీళ్లు వస్తాయి, ‘అకౌంట్ ఫర్ దిస్’ అని ఉంది. ఎందుకు వదిలేశావే అంటే “అకౌంట్ అంటే బ్యాంకు అకౌంట్ కదా అమ్మా, మామిడికాయ ముక్కలకి అకౌంట్ ఏంది?” అంది. వాళ్ల నానమ్మతో కలిసి ప్రతి ఎండాకాలం తొక్కు పెట్టే పిల్ల సార్. ఉప్పు ఎక్కువున్న వైపుకి ముక్కలోంచి నీరు వస్తుందని, దాన్ని ద్రవాభిసరణం అంటారని తెలుసు. ఊట ఎన్ని రోజులకి వస్తుందో కూడా చెబుతుంది. నాలుగు మార్కులు పోయాయి.

ఆర్టీసీ_అన్న
ఇది చదివి మా ఇంట్లో జరిగింది గుర్తొచ్చింది అక్కా. నేను బస్సు కండక్టర్‌ని. మావాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు “నాన్నా, రాగి గుడ్ కండక్టర్ అని పుస్తకంలో ఉంది, మరి నువ్వు?” అన్నాడు. వాడికి అది నిజంగానే అనుమానం. టికెట్ ఇచ్చేవాడికీ రాగి తీగకీ ఒకే పేరేంటని. కరెంటుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసేది రాగి, ప్రయాణాన్ని నడిపించేది నేను, దారి చూపించి తీసుకుపోవడమే ఆ మాటలో ఉందిరా అని చెప్పాను. ఇక మర్చిపోలేదు. డిపోలో అందరికీ చెప్పుకున్నాడు కూడా.

బడిగంట
అన్నా, పాఠంలో పెట్టుకోదగ్గ మాట చెప్పారు. రేపు క్లాసులో చెబుతాను.

మానేరు అమ్మగారూ, మీ పాపకి పెద్ద పదాలతో ఇబ్బంది లేదు. ‘ఆస్మాసిస్’ పెద్ద పదం, అది తెలుసు. పాఠంలో దానికో పేరా ఉంటుంది, బొమ్మ ఉంటుంది, టీచర్ బోర్డు మీద రాస్తారు. ఎవ్వరూ నేర్పనిది ‘అకౌంట్ ఫర్’, అంటే కారణం చెప్పమని. సైన్స్ టీచర్ అది ఇంగ్లీషు టీచర్ పని అనుకుంటారు. ఇంగ్లీషు పాఠాల్లో కథలు, పద్యాలు ఉంటాయి కాబట్టి అక్కడ ఆ మాట తగలదు. రెండు పీరియడ్ల మధ్య జారిపోతుంది. నాకు తెలిసి మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

నా క్లాసులో చూసినవి చెబుతా. ‘స్టేట్ ఓమ్స్ లా’ అంటే ఓమ్ నియమం ఏమిటో చెప్పమని. ఒక పిల్లాడు స్టేట్ అంటే రాష్ట్రం అనుకుని జవాబులో తెలంగాణ అని రాశాడు. ‘జస్టిఫై’ అంటే అది సరైనదని కారణాలతో చూపించమని, దాన్ని న్యాయం అనుకున్నారు ఇంకొకరు. మన పేపర్లలో ‘హౌ డు యు అప్రీషియేట్’ అని తరచూ వస్తుంది కదా, అక్కడ ‘వెరీ గుడ్’ అని రాసి ఊరుకున్నవాళ్లున్నారు. ఆ జీవిలోనో ఆ ప్రక్రియలోనో గొప్పదనం ఏమిటో రెండు ముక్కలు రాయమని అడుగుతున్నారని వాళ్లకి తెలియదు. తెలివిలేక కాదు, ఎవరూ చెప్పలేదు.

ఇంకో రకం ఉంది, అన్న చెప్పిన కండక్టర్ లాంటివి. పిల్లకి ఆ మాట ముందే తెలుసు, వేరే అర్థంలో. సెల్ అంటే ఫోను, టిష్యూ అంటే చేతులు తుడుచుకునే కాగితం, ఇంట్రెస్ట్ అంటే ఇష్టం, వాల్యూమ్ అంటే టీవీ సౌండు. తీరా పుస్తకంలో అవి కణం, కణజాలం, వడ్డీ, ఘనపరిమాణం. తెలియని పదమైతే పిల్లలు అడుగుతారు. తెలుసనుకున్న పదం అడగరు. అందుకే వీటితో భయం.

ఓయూ_క్యాంపస్
సార్‌తో కొంచెం విభేదిస్తా. ట్యూషన్ లిస్టుని అంత తేలిగ్గా తీసేయకండి. నేనూ తెలుగు మీడియమే. డిగ్రీలో రోజుకి 30 పదాలు బట్టీ పట్టా, ఇప్పుడు ఎడిటోరియల్ డిక్షనరీ లేకుండా చదువుతున్నా. రేపు పోటీ పరీక్షల్లో పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు అడుగుతారు. అప్పుడు యుబిక్విటస్ కావాలి. చిన్నప్పుడు పట్టిందే నిలుస్తుంది.

బడిగంట
తమ్ముడూ, నువ్వు ఎడిటోరియల్ చదవగలగడం బట్టీ వల్లనా, రోజూ ఎడిటోరియల్ చదవడం వల్లనా?

ఓయూ_క్యాంపస్
రెండూ సార్. కానీ నిజమే, చదువుతుండగా తగిలిన పదాలే మిగిలాయి. లిస్టులో మాత్రమే చూసినవి సగానికి పైగా పోయాయి. అయినా డిగ్రీలో పనికొచ్చిన పద్ధతిని తప్పనను.

సూక్ష్మదర్శిని
జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మొదటి నెల ఏడుస్తారు. వాళ్లకి మొదటి రోజే ఒక పదం బోర్డు మీద విప్పి చూపిస్తాను. క్లోరోఫిల్. గ్రీకులో ‘క్లోరోస్’ లేత ఆకుపచ్చ, ‘ఫిల్లాన్’ ఆకు. ఇప్పుడు తెలుగులో ఏమని చదువుకున్నారమ్మా? పత్రహరితం. పత్రం ఆకు, హరితం ఆకుపచ్చ. అదే ఇది. ముక్కలు అటూ ఇటూ మారాయంతే.

క్లాసంతా ఒక్క క్షణం ఆగిపోతుంది. ఇన్నాళ్లూ తెలుగులో చదవడం తమకి లోటు అనుకున్న పిల్లలు వాళ్లు. ఆ పదం తమకి ముందే వచ్చని అప్పుడు తెలుస్తుంది.

తర్వాత ఫొటోసింథసిస్. ‘ఫొటో’ వెలుగు, ‘సింథసిస్’ కలిపి కూర్చడం. కిరణజన్య సంయోగక్రియ: కిరణాల వల్ల పుట్టే, కలిపి కూర్చే పని. మన పారిభాషిక పదాలు చేసిన పెద్దలు, ముఖ్యంగా 1968లో తెలుగు అకాడమీ వచ్చాక పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు, చాలాచోట్ల అర్థాన్ని పట్టుకుని పదం కట్టారు. అందుకే మీ పాప దగ్గరున్న తెలుగు పదాన్ని పారేయకండి అమ్మా. ఇంగ్లీషు పదం తాళమైతే దాని చెవి చాలాసార్లు అందులోనే ఉంది.

లెక్కల_బాబాయ్
లెక్కల్లోనూ ఉన్నాయి. ఫ్రాక్షన్‌ని భిన్నం అంటాం. లాటిన్‌లో విరగ్గొట్టడం అనే మాట నుంచి ఫ్రాక్షన్ వచ్చింది. ఎముక విరిగితే ఫ్రాక్చర్, విరిగిన ముక్క ఫ్రాగ్మెంట్, అన్నీ ఒకే తల్లి పిల్లలు. మరి భిన్నం? సంస్కృతంలో భిద్ అంటే పగలగొట్టడం. ఛిన్నాభిన్నం అంటామే, అదే భిన్నం. సున్నం పూసిన గోడ మీద ఒక రొట్టె బొమ్మ గీసి నాలుగు ముక్కలు చేసి చూపిస్తాను, ఒక ముక్క మీద ‘ఫ్రాక్షన్’, పక్క ముక్క మీద ‘భిన్నం’ అని రాస్తాను.

ఫిజిక్స్‌లో రిఫ్రాక్షన్ కూడా అక్కడిదే. కాంతి కిరణం నీళ్లలోకి వెళ్లగానే విరిగినట్టు కనిపిస్తుంది కదా. తెలుగులో వక్రీభవనం, వంకర కావడం.

మంజీర_పోరడు
బాబాయ్, అయితే బారోమీటర్‌ని భారమితి అంటాం కదా, బారో అంటే మన భారమే కదా?

లెక్కల_బాబాయ్
బరువనే అర్థం సరిపోయింది, శబ్దం కూడా దగ్గరగా ఉంది. అలా చేసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ చుట్టరికం భారంతో కాదు నాయనా. గ్రీకు ‘బరుస్’కి తోబుట్టువు సంస్కృతంలో ‘గురు’, బరువైనది అని. లాటిన్‌లో ‘గ్రావిస్’ కూడా ఆ ఇంటిదే. అందుకే గ్రావిటీని గురుత్వం అన్నప్పుడు అర్థమూ కలిసింది, వంశమూ కలిసింది.

మంజీర_పోరడు
వామ్మో. గురువుగారు బరువైనవారన్నమాట.

ఫ్రిస్కో_పద్మ
మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ మన పిల్లలు స్పెల్లింగ్ బీలకి, అంటే పదాల అక్షరాలు తప్పు లేకుండా చెప్పే పోటీలకి ఎలా తయారవుతారో దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నా. 2019లో స్క్రిప్స్ అనే అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో ఎనిమిది మంది కలిసి విజేతలయ్యారు. ఆ పోటీలో పదం ఇచ్చాక పిల్లలు మొదట అడిగేవాటిలో ఒకటి, ఈ పదం ఏ భాష నుంచి వచ్చింది అని. అడగడానికి నియమాల్లోనే వీలుంది. ఎందుకంటే భాష తెలిస్తే అక్షరాలు సగం తెలిసిపోతాయి. గ్రీకు అంటే ‘ఫ’ శబ్దానికి పి-హెచ్ రావచ్చు, ‘క’ శబ్దానికి సి-హెచ్ రావచ్చు. కెమిస్ట్రీ, క్రోమోజోమ్, పైన మేడమ్ చెప్పిన క్లోరోఫిల్, అన్నీ అంతే. సైకాలజీలో పలకని ‘పి’ కూడా గ్రీకు నుంచి వచ్చిందే. బట్టీ వీరులు అనుకుంటారు అందరూ, కానీ ఆ పిల్లలు పదాన్ని విప్పి చూస్తారు.

మా అమ్మాయిది మీ పాపకి తిరగేసిన కష్టం. పదకొండేళ్లు, ఇంగ్లీషులో పదం తెలుసు, తెలుగు తెలియదు. మేడమ్ రాసిన పత్రహరితం చదివి వినిపించాను. “అంటే అమ్మమ్మకి క్లోరోఫిల్ ముందే తెలుసా?” అని అడిగింది. వెంటనే ఫోన్ చేయించాను. గుంటూరులో తెల్లవారుజామున నాలుగున్నర. మా అమ్మ ఏమీ అనుకోలేదు.

తాతగారి_నిఘంటువు
పిల్లలకి ఇంకొకటి చూపించండి. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. సప్త, అష్ట, నవ, దశ. పాత రోమన్ల సంవత్సరం మార్చితో మొదలయ్యేది, కాబట్టి ఇవి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదో నెలలు. కొత్త నెలలు ముందు చేరాక కూడా పేర్లు అలాగే ఉండిపోయాయి. ఆక్టగన్ అష్టభుజి, డెకగన్ దశభుజి. దంతం-డెంటల్, నాసిక-నేసల్, మాతృ-మెటర్నల్. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ అనే ఇంగ్లీషు పండితుడు 1786లో కలకత్తాలో చెప్పాడు.

అయితే కనబడిన ప్రతి పోలికా చుట్టరికం కాదు. మన అటకకీ ఇంగ్లీషు ఆటిక్‌కీ సంబంధం లేదు, అది గ్రీసులోని ఆటికా ప్రాంతం పేరు మీద వచ్చింది. పదం చూడగానే “ఇది మనదే” అనేసి నిఘంటువు మూసేస్తే పిల్లలకి తప్పు నేర్పినవాళ్లమవుతాం. నిజంగా మన తెలుగు నుంచి వెళ్లినది కావాలంటే బాండికూట్ ఉంది. పందికొక్కు!

ఆర్టీసీ_అన్న
ఇంగ్లీషు వాళ్లకి మనం ఇచ్చింది పందికొక్కా 😀 మావాడికి ఇవాళే చెబుతా.

మానేరు_అమ్మ
ఇవన్నీ చదువుతుంటే సంతోషంగా ఉంది. పాపకి పత్రహరితం గురించి చెప్పాను, నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది. కానీ ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇక్కడ మీరందరూ చదువుకున్నవాళ్లు. నాకు గ్రీకు తెలియదు, లాటిన్ తెలియదు. రాత్రి ఎనిమిదింటికి మిషన్ దిగి ఆమె పక్కన కూర్చుంటే నేను ఏం చేయగలను?

బడిగంట
మీకు ఇంగ్లీషు రానక్కర్లేదమ్మా. మీ పాప దగ్గర రెండు భాషల పాఠ్యపుస్తకం ఉంది కదా, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. రోజూ ఒక్క పేరా. ముందు ఇంగ్లీషు పేజీ చదవమనండి, తెలియని మాట కింద పెన్సిల్ గీత. తర్వాత ఎదురు పేజీలో ఆ మాట ఎక్కడుందో తనే వెతకాలి. మీరు తెలుగు పేజీ పట్టుకుని కూర్చోండి. దొరికాక ఆ మాటతో పాప సొంత వాక్యం ఒకటి చెప్పాలి. అది తప్పో ఒప్పో మీరు చూడక్కర్లేదు, మర్నాడు టీచర్‌కి చూపించమనండి.

మంజీర_పోరడు
సార్, మా చెల్లె దగ్గరా ఆ పుస్తకం ఉంది, తెలుగు పేజీ మాత్రమే చదువుతుంది. ఇంగ్లీషు పేజీలు ఇప్పటికీ కొత్తవాటిలాగా ఉన్నాయి. రెండు భాషలు పక్కపక్కన ఉంటే పిల్లలు తేలికైనదే చూస్తారు. నన్నడిగితే తెలుగు పేజీ మీద కాగితం అంటించాలి.

సూక్ష్మదర్శిని
అంటించొద్దు బాబూ. పిల్ల తెలుగు పేజీకి పోతోందంటే పాఠం అర్థం చేసుకోవాలనే కోరిక ఉన్నట్టే. దాన్ని మూసేస్తే రెండూ పోతాయి. సార్ చెప్పిన వరస పాటిస్తే చాలు: ముందు ఇంగ్లీషు, గీతలు పెట్టాకే తెలుగు.

పదో_క్లాస్_బెంచి
నేను పదో తరగతి చదువుతున్నా. పెద్దవాళ్లెవరూ చెప్పనిది ఒకటి చెబుతా. మాకు అర్థం తెలిసినా పలకడానికి భయం. నేను ఒకసారి క్లాసులో ఐలాండ్‌ని ‘ఇస్‌ల్యాండ్’ అని చదివాను. అందరూ నవ్వారు, టీచర్ కూడా. ఆ తర్వాత మూడు నెలలు చెయ్యెత్తలేదు. పదం నోటితో అనకపోతే గుర్తుండట్లేదు, అంటే నవ్వుతారని టెన్షన్. ఆంటీ, మీ పాప తప్పు పలికితే నవ్వకండి ప్లీజ్.

మానేరు_అమ్మ
నవ్వను బిడ్డా. ఐలాండ్‌లో ‘ఎస్’ పలకరని నాకు ఇప్పుడే తెలిసింది. మన తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం, నువ్వు చదివింది ఆ పద్ధతినే కదా. చెయ్యి ఎత్తు.

ఫ్రిస్కో_పద్మ
బాబూ, ఫోన్‌లో ఏ పెద్ద డిక్షనరీ తెరిచినా స్పీకర్ గుర్తు ఉంటుంది. నొక్కి మూడుసార్లు విని, మూడుసార్లు గట్టిగా అను. స్నానాల గదిలో అయినా సరే. క్లాసులో అనే ముందే నోటికి అలవాటవుతుంది.

చెప్పుల_డబ్బా
నా పేరే నా సలహా. ముగ్గురు పిల్లల తండ్రిని. చెప్పుల డబ్బాలో అట్టముక్కలతో మూడు అరలు చేశాం. చీటీకి ఒక పక్క పదం, దాని కింద పుస్తకంలోని వాక్యం. వెనక తెలుగు. మొదటి అర రోజూ చూడాలి. చెప్పగలిగితే చీటీ రెండో అరలోకి, అది మూడు రోజులకోసారి. అక్కడా చెబితే మూడో అరలోకి, అది వారానికోసారి. తప్పితే మళ్లీ మొదటి అరకే. ఇది 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ చెప్పిన పద్ధతి, మా ఇంట్లో అరలు తగ్గించుకున్నాం. అంతకు చాలా ముందు, 1885లో, ఎబ్బింగ్‌హాస్ అనే ఇంకో జర్మన్ అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంత వేగంగా మర్చిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. మొదటి రోజే చాలా భాగం పోయింది.

ట్యూషన్‌లో ఒక రోజు 20, మర్నాడు కొత్త 20 అంటున్నారు. పాతవి మళ్లీ అడుగుతున్నారా? అడక్కపోతే అవి ఎబ్బింగ్‌హాస్ అక్షరాల్లాగే పోతాయి. మా ఇంట్లో రోజుకి ఐదు చీటీలు, అంతకు మించి లేదు.

తాతగారి_నిఘంటువు
ఏ పదాలతో మొదలుపెట్టాలో కూడా చెప్పుకుందాం. న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో ఒక జాబితా ప్రచురించారు. సుమారు 35 లక్షల పదాల చదువు పుస్తకాల పాఠం వడగట్టి, ఏ సబ్జెక్టులోనైనా తగిలే 570 పద కుటుంబాలు తీశారు. చదువు పుస్తకాల్లో దాదాపు పదో వంతు ఇవేనట. అసెస్, అస్యూమ్, ఇండికేట్, ఎవిడెన్స్, ఇంటర్‌ప్రెట్, సిగ్నిఫికెంట్, వేరీ (మారడం) ఇలాంటివి. విశ్వవిద్యాలయం చదువుల కోసం చేసిన జాబితా కాబట్టి తొమ్మిదో తరగతికి మొత్తం అక్కర్లేదు, కానీ పాప పుస్తకంలో తగిలినవి ముందు పట్టుకోవచ్చు. పెర్నీషియస్ అందులో లేదు.

ఓయూ_క్యాంపస్
తాతగారూ, ఇది నాకు డిగ్రీలో ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి. పైన బట్టీ గురించి గట్టిగా వాదించాను, కొంచెం తగ్గుతున్నా. అక్కా, ట్యూషన్ మాన్పించకండి. ఆ 20 పదాలు పాప పాఠాల్లోంచి ఇవ్వమని సార్‌ని అడగండి. అడిగితే తప్పేం లేదు.

మానేరు_అమ్మ
ఆలస్యంగా రాస్తున్నా, పెళ్లిళ్ల బ్లౌజులతో ఊపిరాడలేదు. ట్యూషన్ సార్‌ని అడిగాను. మొదట నచ్చలేదు, “లిస్టు అందరికీ ఒకటే అమ్మా” అన్నారు. మామిడికాయ ప్రశ్న పేపర్ చూపించాను. చాలాసేపు చూశారు. ఇప్పుడు పది పాఠాల్లోవి, పది ఆయన లిస్టులోవి ఇస్తున్నారు.

చెప్పుల డబ్బా తయారైంది. నా దగ్గర మిగిలిన లైనింగ్ గుడ్డ లోపల అంటించాను. మొదటి చీటీ ‘అకౌంట్ ఫర్’. వెనక పాప చేతిరాతతో “కారణం చెప్పు. బ్యాంకు కాదు” అని ఉంది. అది మూడో అరకి వెళ్లింది. ‘ఇన్‌ఫర్’ (ఉన్నదాన్ని బట్టి తేల్చు) మాత్రం మూడుసార్లు మొదటి అరకే తిరిగొచ్చింది.

నిన్న రాత్రి సొంత వాక్యం అడిగితే ‘వేర్‌యాజ్’తో చెప్పింది, ఇది ఇలా, అది మాత్రం అలా అనడానికి వాడే మాట. నేను తెలుగులో చెబుతా: నానమ్మ తొక్కులో ఉప్పు ముందే కలుపుతుంది, అమ్మ మాత్రం ఆఖర్న కలుపుతుంది. అత్తమ్మ పక్కనే ఉంది. వాక్యం సంగతి పక్కనపెట్టి, ఉప్పు ముందే ఎందుకు కలపాలో ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

బడిగంట
ఆ అరగంటలో నానమ్మ చెప్పిన కారణాలు పాపతో ఇంగ్లీషులో రాయించండమ్మా. పైన ప్రశ్నగా ‘అకౌంట్ ఫర్ దిస్’ అని పెట్టండి.

ఆర్టీసీ_అన్న
రాశాక ఇక్కడ పెట్టక్కా. మావాడితో చదివిస్తా.